పట్టా లేని ఫిరంగీ హకీం: పుదుచ్చేరిలో ముగిసిన మనూచీ ప్రస్థానం

పుదుచ్చేరి: పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఒక పాత చిత్రం ఉంది. మొఘల్ దుస్తులు ధరించిన ఒక ఐరోపా వాసి ఒక భారతీయుని చేయి పట్టుకుని నాడి పరీక్షిస్తున్నాడు. ఆ వైద్యుని పేరు నికొలావో మనూచీ. వెనిస్ నగరంలో పుట్టి, 17వ శతాబ్ది మధ్యకాలంలో భారతదేశానికి వచ్చి, మళ్లీ స్వస్థలాన్ని చూడకుండానే ఇక్కడ కన్నుమూసిన వ్యక్తి ఆయన. లాహోరులో, మొఘల్ యువరాజు కొలువులో, గోల్కొండలో, మద్రాసులో వైద్యునిగా పేరు పొందిన మనూచీ తన చివరి సంవత్సరాలను ఫ్రెంచివారి పుదుచ్చేరిలో గడిపారు.

ఆయన ఏ విద్యాలయంలోనూ వైద్యం చదవలేదు. ఎవరూ ఆయనకు పట్టా ఇవ్వలేదు. అయినా రాజకుటుంబాల అంతఃపురాల్లోకి కూడా ఆయనకు పిలుపు అందింది. ఇది కేవలం ఒక సాహసికుని కథ అయితే ఇంత చర్చ అవసరం లేదు. దారా షుకో, ఔరంగజేబుల వారసత్వ యుద్ధం గురించి, మొఘల్ అంతఃపుర జీవితం గురించి నేటి పాఠకులు చదివే అనేక విషయాలకు మూలం ఆయన రాసిన ‘స్తోరియా దో మొగోర్’ అనే బృహద్గ్రంథం. వైద్యంలో వలెనే చరిత్ర రచనలోనూ ఆయనకు ఎవరూ అనుమతి పత్రం ఇవ్వలేదు. అందువల్ల ఆయన చేతి వైద్యాన్ని నాటి రోగులు ఎందుకు నమ్మారన్న ప్రశ్న, ఆయన సాక్ష్యాన్ని నేటి చరిత్రకారులు ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకు దగ్గరగానే ఉంటుంది.

డబ్బు ముందుగా, వ్యవస్థ తరువాత వచ్చే చోట్ల ఇటువంటి వైద్యులు పుట్టుకొస్తారు. 19వ శతాబ్దిలో కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా బంగారు గనుల పట్టణాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ప్రపంచంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాల అమెరికాలోని బాల్టిమోర్‌లో 1840లో ఆరంభమైంది. ఆ తరువాత పదేళ్లయినా గడవకముందే కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. పంటి నొప్పితో బాధపడే గని కార్మికునికి పట్టభద్రుని కోసం వేచి ఉండే వ్యవధి లేదు; పటకారు పట్టగలిగినవాడే దంతవైద్యుడు. 1849లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన హెన్రీ కాగ్స్‌వెల్ అనే దంతవైద్యుడు అక్కడ గడించిన సొమ్మును స్థలాల్లోనూ గనుల వాటాల్లోనూ పెట్టి మహా సంపన్నుడయ్యారు. మన దేశంలోనైతే దంతవైద్యుల నమోదును నియంత్రించే కేంద్ర చట్టం 1948లో గానీ రాలేదు.

మనూచీ కాలపు భారతదేశంలో ధనం బంగారు గనుల్లో కాక దర్బారుల్లో, రేవు పట్టణాల్లో, వజ్రాల గనుల్లో పోగుపడి ఉండేది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో స్త్రీలు, పిల్లలతో కలిపి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశారు. ఆ ధనాన్ని అనుసరించి వచ్చిన వేలాది ఐరోపా వాసుల్లో ఫిరంగులు పేల్చేవారు, రత్నాలు కొనేవారు, మతగురువులు, వైద్యులమని చెప్పుకొనేవారు అందరూ ఉన్నారు.

ఓడలో దాక్కున్న బాలుడు

మనూచీ 1638లో వెనిస్‌లో జన్మించారు. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఇంట్లో చెప్పకుండా ఒక ఓడలో దాక్కుని బయలుదేరాడు ఆ బాలుడు. అదే ఓడలో హెన్రీ బార్డ్ అనే ఆంగ్ల ప్రభువు ఉన్నారు. పదవీచ్యుతుడై ప్రవాసంలో ఉన్న ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ తరఫున పర్షియా, మొఘల్ పాలకుల సహాయం కోరేందుకు ఆయన రహస్య రాయబారిగా వెళుతున్నారు. బార్డ్ ఆ బాలుణ్ని సేవకునిగా చేర్చుకున్నారు. టర్కీ, పర్షియాల గుండా సాగిన ఆ ప్రయాణంలో మనూచీకి తుర్కీ, పారశీక భాషలు పట్టుబడ్డాయి. తరువాతి కాలంలో ఆయనకు అన్నం పెట్టిన విద్యల్లో ఇదే మొదటిదని చెప్పవచ్చు. వైద్యం ఆ తరువాతిది.

1656లో సూరత్ చేరి ఢిల్లీ వైపు సాగుతుండగా, ఆగ్రా, ఢిల్లీల నడుమ హోడల్ వద్ద బార్డ్ హఠాత్తుగా మరణించారు. పరాయి దేశంలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒంటరిగా మిగిలాడు. షాజహాను పెద్ద కుమారుడు దారా షుకో అతణ్ని నెలకు 80 రూపాయల జీతంపై ఫిరంగి దళంలో నియమించారు. 1658 మేలో సాముగఢ్ యుద్ధంలో దారా ఓడిపోయినప్పుడు మనూచీ ఆయన పక్షాన యుద్ధభూమిలో ఉన్నారు. మరుసటి ఏడాది దారా మరణశిక్షకు గురయ్యారు. ఔరంగజేబు కొలువులో చేరేందుకు మనూచీ ఇష్టపడలేదు. కొంతకాలం రాజా జైసింగ్ వద్ద ఫిరంగి దళాధిపతిగా పనిచేసి, ఆ శిబిరంలోనే ఛత్రపతి శివాజీతో ముచ్చటించే అవకాశం పొందారు. ఆ తరువాత ఆయన తుపాకి మందు వదిలి ఔషధం చేపట్టారు.

హుక్కా గొట్టంతో చికిత్స

నాటి ఉత్తర భారత నగరాల్లో వైద్యులకు కొరత లేదు. యునానీ హకీములు ఉన్నారు, ఆయుర్వేద వైద్యులు ఉన్నారు, కోతలు, కట్లు చూసే మంగలి వైద్యులు ఉన్నారు. వారందరి నడుమ ఒక విదేశీయునికి చోటు ఎలా దొరికింది?

ఇందుకు వైద్య సిద్ధాంతంలోనే కొంత సమాధానం దొరుకుతుంది. ఐరోపా వైద్యం, యునానీ వైద్యం రెండూ ప్రాచీన గ్రీకు సంప్రదాయం నుంచే వచ్చాయి. శరీరంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ధాతువులు సమతూకంలో ఉంటే ఆరోగ్యమని, అది తప్పితే రోగమని రెండు సంప్రదాయాలూ భావించేవి. వాత పిత్త కఫాల భాషకు అలవాటుపడిన రోగికి కూడా ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. కాబట్టి ఫిరంగీ వైద్యుడు చెప్పేది రోగికి అర్థమయ్యేది; చేసే పద్ధతి మాత్రం వేరుగా, కొంత సాహసంగా కనిపించేది. నరం తెరిచి రక్తం తీయడం, వస్తి చికిత్స చేయడం, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం వంటి వాటిలో ఐరోపా వాసులు నేర్పరులన్న పేరు అప్పటికే వ్యాపించింది. టోపీ ధరించిన ప్రతి విదేశీయుడూ వైద్యుడేనన్న భ్రమ కూడా కొన్నిచోట్ల లేకపోలేదు.

మనూచీ ఈ పేరును పూర్తిగా వినియోగించుకున్నారు. లాహోరులో వృత్తి ఆరంభించిన రోజుల గురించి ఆయన దాపరికం లేకుండా రాసుకున్నారు. ఒక పెద్దింటి స్త్రీకి వస్తి చికిత్స చేయవలసి వచ్చినప్పుడు ఆయన వద్ద పరికరమే లేదు. ఆవు పొదుగును సంచిగా, హుక్కా గొట్టాన్ని నాళంగా అమర్చి పని కానిచ్చారు. రోగి కోలుకుంది. ఆ ఒక్క చికిత్సతో నగరంలో ఆయన పేరు మారుమోగింది. ఇక్కడ గమనించదగినది, ఈ ఉదంతానికి సాక్షి మనూచీ ఒక్కరే కావడం. అయితే గొప్పలు చెప్పుకోదలచిన వ్యక్తి సాధారణంగా తన వద్ద పరికరం లేదన్న విషయాన్ని దాచిపెడతాడు. మనూచీ దాచలేదు. ఆయన కథనంలో నమ్మకం కలిగించే గుణం ఇటువంటి చోట్లనే కనిపిస్తుంది.

చదువు లేకపోవడం ఆయన ఒక్కరి లోపం కాదు. అదే కాలంలో మొఘల్ దర్బారులో ఉన్న ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియేకు పట్టా ఉంది. కానీ అది మోన్‌పెల్లియే విశ్వవిద్యాలయంలో కేవలం మూడు నెలల చదువుతో వచ్చింది. ఫ్రాన్స్ భూభాగంలో వైద్యం చేయరాదన్న షరతుతో! స్వదేశంలో చెల్లని పట్టా విదేశంలో చెల్లింది. బెర్నియే బజారు కబుర్లను చరిత్రగా రాశారని మనూచీ ఆక్షేపించారు. నిజానికి ఆ ఆరోపణ మనూచీకీ కొంత వర్తిస్తుంది.

లాహోరులో కూడబెట్టిన సొమ్ముతో ఆయన వైద్యానికి స్వస్తి చెప్పి బొంబాయి సమీపంలోని బాంద్రాలో స్థిరపడ్డారు. ఓడ వ్యాపారంలో పెట్టుబడి పెట్టి దాదాపు అంతా పోగొట్టుకున్నారు. మళ్లీ మందుల సంచి భుజాన వేసుకోక తప్పలేదు. ఈసారి ఔరంగజేబు కుమారుడు షా ఆలం కుటుంబానికి వైద్యునిగా చేరారు. అంతఃపుర వైద్యం గురించి ఆయన ఇచ్చిన వర్ణన ప్రసిద్ధం. వైద్యుని తల నుంచి నడుము దాకా వస్త్రం కప్పి, నపుంసక సేవకులు చేయి పట్టి లోపలికి నడిపిస్తారు. తెర వెనుక నుంచి వచ్చిన చేతిని పట్టి నాడి చూడాలి. రోగి ముఖం కనిపించదు, నాలుక కనిపించదు, కంటి రంగు తెలియదు. ఏ వైద్య విద్యాలయంలో చదివినవాడికైనా అక్కడ మిగిలేది వేళ్ల స్పర్శ, ఊహ మాత్రమే. పట్టా ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య అంతరం ఆ తెర ముందు బాగా తగ్గిపోయేది.

గోల్కొండ నుంచి తీరానికి

1680వ దశకం ఆరంభంలో షా ఆలంతో కలిసి మనూచీ దక్కనుకు వచ్చారు. మొఘల్ కొలువు ఆయనకు విసుగు పుట్టించింది. గోవాకు వెళ్లి, అక్కడ పోర్చుగీసు వారికీ మరాఠా పాలకుడు శంభాజీకీ మధ్య రాయబారం నడిపారు. అందుకు ప్రతిఫలంగా 1684లో పోర్చుగీసు ప్రభుత్వం ఆయనకు వీరబిరుదు ఇచ్చి గౌరవించింది. తిరిగి షా ఆలం శిబిరానికి వెళ్లవలసి వచ్చినా అక్కడ నిలువలేక గోల్కొండకు తప్పించుకున్నారు.

అప్పటి గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా. భక్త రామదాసు కథ ద్వారా తెలుగువారికి తానీషాగా చిరపరిచితుడైన పాలకుడే ఈయన. కుతుబ్ షాహీ వంశంలో చివరివాడు. మనూచీ ఆ రాజ అంతఃపురంలోనూ వైద్యం చేశారు. ఆ రాజ్యానికి అవి చివరి రోజులు. ఔరంగజేబు సేనలు దండెత్తి వస్తున్నాయి. విడిచి వచ్చిన యజమాని మనూచీని అప్పగించమని ఒత్తిడి చేస్తున్నారు. దొరికితే శిక్ష తప్పదని గ్రహించిన ఆయన రహస్యంగా తూర్పు తీరానికి చేరి, 1686లో ఆంగ్లేయుల మద్రాసులో అడుగుపెట్టారు. మరుసటి ఏడాదే గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. గోల్కొండ ప్రభువుతో రహస్య సంబంధాలు నెరపాడన్న అనుమానంపై షా ఆలంను కూడా తండ్రి బంధించారు. మనూచీ ఆ శిబిరంలోనే ఉండి ఉంటే ఆయన గతి ఏమయ్యేదో!

ఇక ఐరోపాకు వెళ్లిపోదామని మనూచీ అనుకున్నారు. సలహా కోసం పుదుచ్చేరిలోని ఫ్రెంచి అధికారి ఫ్రాన్స్వా మార్తాను ఆశ్రయించారు. 1674లో ఇక్కడ ఫ్రెంచి స్థావరాన్ని నెలకొల్పి, దానిని పట్టణంగా తీర్చిదిద్దిన వ్యక్తి మార్తా. వెళ్లవద్దని, మద్రాసులోని ఎలిజబెత్ క్లార్క్ అనే వితంతువును వివాహమాడి అక్కడే స్థిరపడమని ఆయన సూచించారు. ఎలిజబెత్ తండ్రి క్రిస్టఫర్ హార్ట్‌లీ మచిలీపట్నంలోని ఆంగ్ల వర్తక స్థావరానికి చెందినవారు. 1686 అక్టోబరు 28న వివాహం జరిగింది. మనూచీకి మద్రాసులో ఇల్లు, తోట సమకూరాయి. వారికి పుట్టిన ఒక్క కుమారుడు పసితనంలోనే చనిపోయాడు.

మద్రాసులో ఆయన వైద్యం ఒక వ్యాపారంగా కూడా మారింది. జంతువుల కడుపులో దొరికే గోరోచనం వంటి రాళ్లకు విషాన్ని, జ్వరాన్ని హరించే శక్తి ఉందని ఆనాడు గట్టిగా నమ్మేవారు. అవి అరుదు కనుక, సుగంధ ద్రవ్యాలు, రత్నాల పొడి వంటివి కలిపి కృత్రిమంగా చేసిన ‘గోవా రాళ్లు’ బాగా అమ్ముడయ్యేవి. ఆ కోవలోనే మనూచీ పేరుతోనూ ఒక ఔషధ రాయి మద్రాసులో చలామణీ అయింది. నేటి వైద్యశాస్త్రం దృష్టిలో దాని విలువ శూన్యమే అనుకోవచ్చు. అయినా ఆ కాలపు ఔషధ విపణిలో ఒక వ్యక్తి పేరే నాణ్యతకు హామీగా నిలిచిందనడానికి అది నిదర్శనం.

అంతకంటే ఆంగ్లేయులకు ఎక్కువగా పనికివచ్చింది ఆయన పారశీక భాషాజ్ఞానం, దర్బారు మర్యాదల పరిచయం. మొఘల్ సేనాని దావూద్ ఖాన్ పన్నీ మద్రాసుపై కన్నేసినప్పుడు గవర్నరు థామస్ పిట్ 1701లో కానుకలతో మనూచీనే రాయబారిగా పంపారు. అయినా 1702లో దావూద్ ఖాన్ మద్రాసును దిగ్బంధించారు. చివరికి సొమ్ము పుచ్చుకుని వెనుదిరిగారు.

తెల్లవారి పట్టణంలో చివరి పుటలు

పుదుచ్చేరి మనూచీ కళ్లముందే రూపుదిద్దుకున్న పట్టణం. 1693లో డచ్చివారు దీనిని స్వాధీనం చేసుకున్నారు. ఐరోపాలో కుదిరిన సంధి ప్రకారం 1699లో తిరిగి ఫ్రెంచివారికి అప్పగించారు. ఆ వెంటనే మార్తా పట్టణాన్ని విస్తరించారు. కొత్త కోట 1706లో పూర్తయింది. అదే ఏడాది డిసెంబరు చివరిరోజున మార్తా మరణించారు. సరిగ్గా అదే నెలలో మద్రాసులో ఎలిజబెత్ కూడా కన్నుమూశారు. స్నేహితుడూ భార్యా కొద్దిరోజుల తేడాతో దూరమైన తరువాత, డెబ్బైకి చేరువైన మనూచీ తన నివాసాన్ని పుదుచ్చేరికి మార్చుకున్నారు.

అప్పటికి ఆయన జీవితంలో వైద్యం కంటే పెద్ద తగాదా ఒకటి నడుస్తోంది. తన గ్రంథపు తొలి మూడు భాగాలను ఆయన 1701లో మార్తా అల్లుడైన బూరో దెలాంద్ చేతికిచ్చి పారిస్‌కు పంపారు. అవి కాత్రూ అనే జెస్యూట్ గురువు చేతికి చిక్కాయి. కాత్రూ వాటిని తన ఇష్టానుసారం కుదించి, ఇతర రచనల నుంచి తెచ్చిన విషయాలు చేర్చి, 1705లో తన పేరుతో మొఘల్ సామ్రాజ్య చరిత్రగా ప్రచురించారు. ఈ సంగతి తెలిసిన మనూచీ ఆగ్రహానికి అంతు లేకపోయింది. తీరప్రాంతంలో జెస్యూట్లకూ కాపుచిన్ గురువులకూ మధ్య సాగుతున్న వివాదంలో ఆయన మొదటి నుంచీ కాపుచిన్ల పక్షమే. ఇప్పుడు కోపానికి మరో కారణం దొరికింది. తన వద్దనున్న మరో ప్రతిని, కొత్తగా రాయించిన భాగాలను, చిత్రాల సంపుటాన్ని ఒక కాపుచిన్ గురువు ద్వారా వెనిస్ సెనేట్‌కు పంపి, తన రచనను ప్రచురించమని విన్నవించుకున్నారు. యాభై ఏళ్ల క్రితం చెప్పకుండా విడిచి వెళ్లిన ఊరికే న్యాయం కోసం మొరపెట్టుకున్నారన్నమాట.

ఆ గ్రంథం ఒక్క భాషలో లేదు. లేఖకుడు ఎవరు దొరికితే వారి భాషలో ఆయన చెప్పి రాయించారు: కొంత ఇటాలియన్, కొంత పోర్చుగీసు, కొంత ఫ్రెంచి. నాటి తూర్పు తీరపు రేవుల్లో వివిధ జాతులవారు కలిసి మాట్లాడుకునే వ్యవహార భాష పోర్చుగీసు. దర్బారు భాష పారశీకం. పుట్టినింటి భాష వెనీషియన్. మనూచీ చివరికి ఏ ఒక్క భాషకూ పూర్తిగా చెందనివారయ్యారు. అనువాదంతో పరిచయమున్నవారికి ఆ రాతప్రతి ఎంత చిక్కుముడో చెప్పనక్కరలేదు.

ఆ చిక్కును విప్పినవారు విలియం ఇర్విన్. భారతదేశంలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయన, బెర్లిన్, వెనిస్ గ్రంథాలయాల్లోని రాతప్రతులను ఆధారం చేసుకుని 1907–08లో నాలుగు సంపుటాల ఆంగ్లానువాదాన్ని వెలువరించారు. కాత్రూ కత్తెర పడని మనూచీ ప్రపంచం ముందుకు రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

అప్పటి నుంచి చరిత్రకారులు ఆయనను వదలలేదు, పూర్తిగా నమ్మనూ లేదు. దారా సేనలో తాను చూసిన యుద్ధం, జైసింగ్ శిబిరం, షా ఆలం ఇంటి వ్యవహారాలు, దావూద్ ఖాన్ రాయబారం వంటి వాటిలో ఆయన ప్రత్యక్ష సాక్షి. తైమూరు నుంచి షాజహాను వరకు చెప్పిన పాత సంగతుల్లో, రాజుల ఏకాంత విషయాల్లో మాత్రం వినికిడి, ఊహ, వినోదం కలగలిసి ఉన్నాయి. తేదీల విషయంలో జ్ఞాపకం పలుచోట్ల తప్పింది. భారతీయుల ఆచారాలపై ఆయన వ్యాఖ్యల్లో అవగాహన కంటే ఈసడింపు ఎక్కువ. కాబట్టి ప్రతి పుటనూ విడిగా పరీక్షించుకోవలసిందే. ఒక పుట నిజమైనంత మాత్రాన తరువాతి పుట నిజమని చెప్పలేము.

చిత్రాల విషయం వేరు. షా ఆలం కొలువులోని చిత్రకారుడు మీర్ ముహమ్మద్ చేత ఆయన వేయించిన మొఘల్ రాజుల, ప్రముఖుల చిత్రాల సంపుటం వెనిస్ చేరింది. 1797లో నెపోలియన్ సేనలు వెనిస్‌ను ఆక్రమించినప్పుడు అది పారిస్‌కు తరలిపోయింది. దక్షిణాది దేవతలు, ఆలయాలు, పెళ్లి వేడుకలు, ఆచారాలను తీరప్రాంత చిత్రకారులు చిత్రించిన మరో సంపుటం వెనిస్‌లోనే మిగిలింది. ఆ చిత్రకారులు తమ పరిసరాలను తమ కళ్లతోనే చూశారు. మనూచీ మాటల్లోని ఈసడింపు వారి కుంచెలకు అంటలేదు.

పుదుచ్చేరిలో వైద్యవిద్య ఒక వ్యవస్థగా రూపొందింది ఆయన తరువాత శతాబ్దానికి. 1823లో ఫ్రెంచి ప్రభుత్వం ఇక్కడ వైద్య పాఠశాలను నెలకొల్పింది. దాని వారసత్వమే 1956లో ధన్వంతరి వైద్య కళాశాలగా, 1964లో జిప్‌మర్‌గా రూపాంతరం చెందింది. మనూచీ మరణించిన తేదీ మాత్రం స్పష్టంగా నమోదు కాలేదు. దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, 1717లో భారతదేశంలో కన్నుమూశారని వెనిస్ పండితుడు అపొస్తొలో జెనో రాసిపెట్టారు. 1720 వరకు జీవించి ఉండవచ్చని మరికొందరి అభిప్రాయం.